ఇస్త్రీ చేసిన చీటీ

మా వీధిలో ఇస్త్రీ అంటే నేనే. నలిగినది ఏది కనిపించినా నా చేతులు ఊరుకోవు. ఆ గుణమే ఆ రోజు కొంప ముంచింది.

మా పాపకు ఎనిమిదేళ్లు. ముందుపన్ను పుచ్చి నల్లబడిన దగ్గర్నుంచి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వేది. మాలాంటి కుటుంబాల పిల్లలకు పళ్ల వైద్యం ప్రభుత్వమే చేయిస్తుందని తెలిసి అర్జీ పెట్టాను. అర్హులమేనంటూ ఆఫీసులో మిషన్ లోంచి మా నంబరున్న ఒక చీటీ తీసి ఇచ్చారు. ఇంట్లో అది కాస్త నలిగింది. డాక్టరు దగ్గరికి నలిగిన కాగితం పట్టుకెళ్లడమా? బయల్దేరే ముందు ఇస్త్రీపెట్టె ఒక్కసారి పోనిచ్చాను. వేడి తగిలితే నల్లబడే కాగితమట! చీటీ అంతా బొగ్గయింది.

ఆసుపత్రి కౌంటర్లో గుమస్తా దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"నంబరు కనబడకపోతే నేనేం చెయ్యనమ్మా?"

నాకు తల కొట్టేసినట్టయింది. అంతలో పాప బల్ల అంచు పట్టుకుని మునివేళ్ల మీద లేచింది.

"నాకొచ్చండీ! రోజూ చదువుకున్నాను," అని పదకొండు అంకెలూ తడుముకోకుండా అప్పజెప్పేసింది.

కంప్యూటర్లో దాని పేరు వచ్చింది.

"లోపలికి వెళ్లండి మేడమ్," అన్నాడు గుమస్తా, నాతో కాదు, దానితో. ఏనుగెక్కినంత సంబరంగా దాని వెనకాలే నడిచాను.

డాక్టరమ్మ పుచ్చు తీసి, తెల్లటి సిమెంటు పెట్టి, మళ్లీ రావలసిన తేదీతో కొత్త చీటీ ఇచ్చింది. నేను చెయ్యి చాపేలోపే పాప దాన్ని జేబులో పెట్టేసుకుంది.

"నీకివ్వనమ్మా, ఇస్త్రీ చేసేస్తావు!" అని పకపకా నవ్వింది.

నోటికి అడ్డం వెళ్లే ఆ చెయ్యి జేబు మీదే ఉండిపోయింది.