నోటు ముట్టని బావ

బావ నోటు ముట్టడం మానేసి రెండేళ్లయింది. అంతకుముందు ఆయన చేతుల మీదుగా పోయినన్ని నోట్లు ఆ పేటలో ఇంకెవరి చేతుల మీదుగానూ పోలేదు. బ్యాంకు కౌంటర్లో పనిచేసేవాడు. ఒక ఉదయం ఆ బ్యాంకు మూతపడింది. దాచుకున్నదంతా మునిగిందని తెలిసి జనం తలుపుల మీద పడ్డారు. బ్యాంకు పెద్దలు ఎవరూ దొరకలేదు. సైకిలు దిగుతూ బావ దొరికాడు. చొక్కా చిరిగింది, పన్ను ఊడింది. ఆయన్ని చెప్పుతో కొట్టింది, వారం వారం ఆయన దగ్గరే డబ్బు వేసుకుని కబుర్లు చెప్పిపోయే ముసలామె. పన్ను సంగతి మర్చిపోయాడు గానీ ఆ చెప్పుని మర్చిపోలేకపోయాడు.

ఆ తర్వాత క్రిప్టో కరెన్సీ పట్టుకున్నాడు. బ్యాంకూ లేదు, షట్టరూ లేదు, మన డబ్బు మన ఫోన్లో అని వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ చెప్పేవాడు. అక్క వినీ వినీ విసిగిపోయింది. చలికాలం ముదిరాక ఇంకో మాట ఎత్తాడు. సైకిలు మీద సముద్రం దాకా పోతాడట. దారిలో తిండికీ పడకకీ క్రిప్టోలోనే ఇస్తాడట. రోజూ వీడియో పెడతాడట.

"ఎండాకాలంలో పోతే కాదా?" అంది అక్క.

"ఎండాకాలంలో ఎవడైనా చెట్టు కింద పడుకుంటాడు. చలికాలంలో తలుపు తట్టాల్సిందే. ఈ డబ్బు చూపించి లోపలికి పోగలిగితేనే ఇది డబ్బు."

అక్క ఇక వాదించలేదు. తమ్ముడి సైకిలు షాపుకి వెళ్లి, గ్రీజు చేతుల్లోనే ఒక నోట్ల కట్ట కుక్కింది. "మీ బావ ఒక్కడే పోతే తిరిగి రాడురా. నువ్వూ పో. ఇది ఉన్నట్టు ఆయనకి తెలియనివ్వకు."

అలా బావమరిది షాపుకి తాళం వేసి, రెండు సైకిళ్లకీ మంచులో జారకుండా మేకులున్న టైర్లు ఎక్కించి బయల్దేరాడు.

మొదటి లాడ్జీ యజమాని బావ ఫోను చూసి పకపకా నవ్వాడు. బావ మొహం మాడిపోయింది. సైకిళ్లు కట్టేసిన తాళ్లు విప్పడానికి ఆయన బయటికి వెళ్లగానే బావమరిది లోపలికి దూరాడు.

"అయ్యా, మీ గది డబ్బు ఇదిగో. ఆయన మీ ఫోన్లో ఏదో ఎక్కించి డబ్బు పంపిస్తాడు. సరేనని తలూపండి చాలు."

"ఆయన పంపించేది కూడా నాకేనా?"

"మీకే."

"అయితే రోజూ తీసుకురావయ్యా మీ బావని!" అన్నాడు యజమాని.

ఆ రోజు బావ పొయ్యి ముందు కూర్చుని, ఫోన్లో వీడియో తీసుకుంటూ చిన్నపిల్లాడిలా మాట్లాడాడు. "చూశారా? మొదట నవ్వాడు. అర్థమయ్యేలా చెప్తే తీసుకున్నాడు!" రెండేళ్లుగా ఆ మొహంలో నవ్వు లేదు. అది చూశాక బావమరిదికి చేసింది తప్పనిపించలేదు. ఆ తర్వాత ప్రతి ఊళ్లోనూ, గది వెచ్చగా ఉందో లేదో చూసొస్తానని వంక పెట్టి ముందు తనే లోపలికి పోయేవాడు. బావ వీడియోలు చూసేవాళ్లు పెరిగారు. చలీ పెరిగింది. సీసాలో నీళ్లు గడ్డకట్టేవి. బావ ఫోనుని బనీను లోపల, గుండెకి ఆనించి దాచుకునేవాడు. కనుబొమల మీద మంచు పేరుకున్నా హుషారుగా తొక్కేవాడు.

కొండ మీది దారిలో లారీవాళ్లు ఆగే హోటలు ఒకటి తగిలింది. దాన్ని నడిపేది ఒకావిడ. చేతులు మోచేతుల దాకా పిండి. బావమరిది తడిసిన బూట్లు విప్పి పొయ్యి పక్కన పెట్టి, ఎప్పటి పాటే పాడాడు. ఆమె నోట్లు తీసుకుని గల్లాలో వేసింది.

"గదికి డబ్బు ముట్టింది. తలూపడం మాత్రం నా వల్ల కాదు. అంత పెద్దమనిషిని వెర్రివాణ్ణి చెయ్యమంటావా?"

"ఆయన సంతోషం కోసమేనమ్మా. ఇన్ని ఊళ్లలో అందరూ..."

వెనక తలుపు దగ్గర బావ నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నించో తెలియదు.

"అందరూనా?" అన్నాడు.

బావమరిది చేతిలో మిగిలిన నోట్లు జేబులో కుక్కుకున్నాడు.

"ఒక్కడైనా నిజంగా తీసుకోలేదా?"

"బావా, అక్కే..."

"మీ అక్కకి కూడా తెలుసన్నమాట." బావ గొంతు పెంచలేదు. చేతి తొడుగులు తొడుక్కున్నాడు.

"మంచుగాలి లేస్తోందయ్యా," అంది హోటలామె. "కూర్చోండి, డబ్బు మాట తర్వాత."

"ఊరికే వద్దమ్మా," అని బావ బయటికి వెళ్లిపోయాడు.

బావమరిది బూట్లలో కాళ్లు దూర్చి, తాడు ముళ్లు పడక తిట్టుకుని, వాకిట్లోకి వచ్చేసరికి ఆయన మలుపు తిరిగిపోయాడు. కాసేపు చక్రాల జాడ కనిపించింది. తర్వాత మంచు దాన్నీ కప్పేసింది. పిలిచి పిలిచి గొంతు పోయింది. మధ్యాహ్నమే చీకటిలా కమ్ముకుంది. చివరికి సైకిలు కాలికి తగిలింది. దాని పక్కనే కరెంటు స్తంభానికి ఆనుకుని బావ కూర్చుని ఉన్నాడు. తొడుగులు రెండూ ఒళ్లో ఉన్నాయి. తెల్లగా కొయ్యబారిన వేళ్లతో చచ్చిపోయిన ఫోనుని గీకుతున్నాడు.

"తీసేస్తున్నా," అన్నాడు ముద్దమాటలతో. "వీడియోలన్నీ తీసేస్తున్నా. అబద్ధాలురా."

బావమరిది ఆ చేతుల్ని తన చొక్కాలో దూర్చుకున్నాడు. ఒంటికి రెండు రాళ్లు తగిలినట్టుంది. రోడ్డు మీద మంచు తోసే బండి డ్రైవరు వచ్చి ఎక్కించుకునేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

వేళ్లు నల్లబడ్డాయి. డాక్టరు కొన్నాళ్లు ఆగి చూశాడు, ఆశ లేదన్నాడు, కోసేశాడు. కుడిచేతికి బొటనవేలు మిగిలింది. ఎడమచేతికి అదీ మిగల్లేదు.

అక్క బస్సులు మారి వచ్చింది. కట్లు చూసి మంచం కోడు పట్టుకుని కింద కూలబడింది. "నేనే ఇచ్చానండీ డబ్బు. మీరు బయట చలికి చచ్చిపోతారని ఇచ్చాను," అంది. ఆయన గోడవైపు తిరిగాడు. భార్యతోనూ మాట్లాడలేదు, బావమరిదితోనూ మాట్లాడలేదు. నర్సు తినిపిస్తే తిన్నాడు.

ఒక ఉదయం మాత్రం, అక్క బట్టలు ఉతకడానికి వెళ్లినప్పుడు, "ఫోను పట్టుకో. వీడియో తియ్యి," అన్నాడు.

బావమరిది పట్టుకున్నాడు. బావ కట్లున్న చేతుల్ని దుప్పటి మీద పెట్టుకుని చెప్పాడు. "నా డబ్బుకి ఏ తలుపూ తెరుచుకోలేదు. మా ఇంటివాళ్లు నోట్లిచ్చి తెరిపించారు. నాకు తెలియదు. తెలియకపోయినా మీకు చెప్పింది అబద్ధమే." అంతే. ఆపమన్నట్టు తల తిప్పాడు.

బావమరిది దాన్ని అలాగే పెట్టేశాడు. మధ్యాహ్నానికే వీడియో కింద జనం రాసిన మాటలు గుట్టగా పడ్డాయి. జాలిపడ్డవాళ్లు కొందరే. ఎక్కువమంది నవ్వారు. ఒకడు ఆ వేళ్ల మీద జోకు వేస్తే ఎంతోమంది మెచ్చుకున్నారు. బావ చదవమన్నాడు. బావమరిది జోకుల్ని దాటేసి చదవబోయాడు.

"దాటెయ్యకు. ఉన్నదున్నట్టు చదువు."

చదివాడు, అన్నీ. బావ కళ్లు మూసుకుని విన్నాడు.

"దాహంగా ఉంది," అన్నాడు బావ.

బావమరిది గ్లాసు ఆయన నోటికి అందించాడు. గ్లాసు ఎక్కువ వంగి నీళ్లు గడ్డం మీదుగా మెడలోకి కారాయి.

"మెల్లగా పట్టరా," అన్నాడు బావ.