తడారిన నోరు

తెల్ల చొక్కా మీద ఆవగింజంత ఎర్ర చుక్క కనబడేసరికి కాజాలామె గుండె గతుక్కుమంది.

దారం పంటితో కొరకొద్దని పళ్ల డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "నీకున్న హెచ్‌ఐవీకి చిగుళ్లు తొందరగా చెడతాయమ్మా. నోరెండిపోతుంది, నాలిక మీద తెల్లపూత వస్తుంది. మాత్రలు మానకు, గుక్కగుక్కగా నీళ్లు తాగుతుండు, దారానికి కత్తెర వాడు." ఎంగిలితో ఇది ఎవరికీ అంటదని కూడా చెప్పాడు. ఆ మాట షాపులో ఎవరికని చెబుతుంది?

చిక్కంతా కత్తెర దగ్గరే వచ్చింది. ఆ కుట్టుషాపులో కాజాలు, గుండీలు కుట్టేవాళ్లకి పళ్లే కత్తెర. ఇరవై ఏళ్లుగా పటుక్కున కొరికే మనిషి ఇవాళ కత్తెర పడితే పక్కనున్న గుండీలామె ఊరుకుంటుందా? కూపీ లాగి, రోగం పేరు చెప్పించిగానీ వదలదు. పేరు బయటపడితే బల్ల దగ్గర చోటుండదు. మొగుడు పోయాక ఆమెకంటూ మిగిలింది ఆ జానెడు చోటే.

అందుకే కొరికింది. చిగురు చిట్లింది.

"ఏం వదినా, చొక్కాకి కొత్త డిజైను వేశావా?" గుండీలామె మెడ సాచింది.

"సూది గుచ్చుకుంది."

"అయితే ఉమ్మి రాయి. ఎవరి రక్తానికి వాళ్ల ఉమ్మే మందు. నీకు నేను నేర్పాలా?"

కుట్టేవాళ్లందరికీ తెలిసిన చిట్కాయే అది. మరక ఆరకముందే సొంత ఉమ్మి తగిలిస్తే వదిలిపోతుంది. కాజాలామె చొక్కా మొహం దాకా ఎత్తుకుని, బుగ్గలు పీల్చి, నాలిక తిప్పింది. గరుకు కాగితంలా అంగిలిని గీరిందే తప్ప చుక్క తడి ఊరలేదు. మళ్లీ తిప్పింది. ఊహూ.

"నన్ను ఆడిపోసుకునీ ఆడిపోసుకునీ నోరెండిపోయిందా తల్లీ! ఇటు తే, నా ఉమ్మితోనైనా పోతుందేమో చూద్దాం. మాస్టరు చూశాడంటే ఇద్దరికీ చీవాట్లే." గుండీలామె చొక్కా లాక్కుని నాలిక చాపింది.

"ముట్టకు!"

ఆ కేకకి మిషన్లన్నీ ఆగిపోయాయి. కాజాలామె చొక్కా గుంజుకుని గుండెకదుముకుంది.

"నీ మంచికే వదినా," అంది.

కేక వేసినప్పుడు తెరుచుకున్న నోట్లో నాలిక మీది తెల్లపూత, పంటి మొదట్లో రక్తం గుండీలామె కంటపడనే పడ్డాయి. సూది గుచ్చుకున్న వేలు ఏదా అని ఆమె చేతులకేసి చూసింది. పది వేళ్లూ శుభ్రంగా ఉన్నాయి.

గుండీలామె ఏమీ అడగలేదు. ఇరవై ఏళ్లలో ఆమె ఏమీ అడగని రోజు అదొక్కటే.

మర్నాడు కాజాలామె వచ్చేసరికి ఆమె స్టూలు బల్లకి దూరంగా, గుమ్మం పక్కకి చేరింది. దాని మీద కొత్త కత్తెర.

"ఇకనుంచి దాంతో కత్తిరించుకో," అన్నాడు మాస్టరు తలెత్తకుండా. "ఇంకెవరికీ ఇవ్వకు."

ఆమె కూర్చుని సూదిలోకి దారం ఎక్కించింది. మొదటి కాజా ముగించి, అలవాటు కొద్దీ దారాన్ని పంటి దాకా తెచ్చింది. బల్ల దగ్గర చేతులన్నీ ఆగాయి. అందరి కళ్లూ ఆమె నోటి మీదే.

దారం దించి, కత్తెర అందుకుంది.