ప్రస్థానం సంచి

1974లో పటాన్‌చెరులోని మా ఫ్యాక్టరీవాళ్లు బాయిలర్ బిగించడానికి నన్ను ఇరాక్ పంపారు. అక్కడ గొడవలుగా ఉందని, పాస్‌పోర్టు ఎప్పుడూ ఒంటిమీదే ఉండాలని ఆఫీసరు మరీమరీ చెప్పారు.

ప్రయాణం శుక్రవారం. ఆ రోజు పడమరకు వారశూల, అటు ప్రయాణం కూడదని, మా ఆవిడ వీరలక్ష్మి గురువారమే మంచి ఘడియలో నా చేతిసంచిని పక్కింటి మల్లయ్య ఇంట్లో ప్రస్థానం పెట్టించింది. అంటే నేను అప్పుడే బయల్దేరినట్టు లెక్క. కొబ్బరికాయతోపాటు పాస్‌పోర్టూ అందులోనే పెట్టాను. ఆఫీసరు మాట మల్లయ్యకు చెప్పి మరీ ఇచ్చాను!

తెల్లవారి సంచి తెచ్చుకుంటే కొబ్బరికాయ ఉంది, పాస్‌పోర్టు లేదు. గంటలో బస్సు. మల్లయ్య పొలానికి పోయాడని అతని భార్య రాజవ్వ చెప్పగానే పరుగెత్తాను.

మడికి నీళ్లు కడుతున్న మల్లయ్య నన్ను చూసి నడుముకు చుట్టుకున్న రుమాలు విప్పాడు.

"గంత పరేషానేంది సారూ? ఒంటిమీదనే ఉండాలె అని నువ్వే చెప్తివి గద! పండుకున్నా ఇప్పలే."

"చూశారా, మన ముహూర్తబలం!" అంది మా ఆవిడ, ఇంటికొచ్చి సంగతి చెప్పగానే.

నన్ను కాపాడింది ముహూర్తమా, మల్లయ్యా? సంచిని అతని ఇంటికే పంపించిన దేవుడా? బస్సులో తేల్చుకోలేకపోయాను. పాస్‌పోర్టును మాత్రం మల్లయ్య రుమాలుతోనే నడుముకు కట్టుకున్నాను.