వంటింటి బల్బు

స్టూలు ఊగింది. సుభద్ర చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తలపైన ముందుగది హోల్డరులో పగిలిన బల్బు మొదలు కోరలు చాచుకుని ఉంది. చేతిలో సగానికి కోసిన బంగాళాదుంప. దాన్ని ఆ గాజు అంచులకు గుచ్చి, నొక్కి తిప్పితే మొదలు ఊడొస్తుంది.

"ఏటండీ, మెయిన్ ఆపేరా?"

"ఆపేసేనంతన్నానా! ఎన్నిసార్లు సెప్పాల?" అరుగు మీంచి మొగుడు నరసింగరావు కసిరాడు. అతను పనిచేసే నెల్లిమర్ల మిల్లు నుంచి మేస్త్రీ దాలయ్య వచ్చాడు. ఆయన్ని చీకట్లో కూర్చోబెట్టలేక, వంటింటి బల్బు తీసి ముందుగదిలో పెట్టమన్నాడు.

ఆ బల్బు కోసం ఆమె రెండేళ్లు బతిమాలింది. "పొయ్యి ఎలుగు సాలదేటే? మేం వొండలేదేటి?" అనేది అత్త అసిరమ్మ. అన్నంలో పురుగు కనబడిందని కంచం విసిరిన మొగుడే, దీపం అడిగితే "వొంటింట్లో సినిమా ఆడిస్తావేటి?" అని నవ్వేవాడు. చివరికి మొన్న ఉగాదికి వచ్చింది. ఇప్పుడు అదీ పోతోంది, ఆమె చేతుల మీదుగానే.

దుంప గాజు దాకా వెళ్లింది. అప్పుడు చూసింది, ఎదురు గోడ మీద తన నీడని. వెనక వంటిల్లు వెలుగుతోంది. మెయిన్ ఆపితే ఆ బల్బెలా వెలుగుతోంది?

చటుక్కున దుంప వెనక్కి లాక్కుంది; మొగుడు మెయిన్ ఆపనేలేదు. చంపాలని కాదు. లేవడానికి బద్ధకం, అంతే. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని అత్త అంటే, రేషను కొట్లో అడిగినా నోరు విప్పని మనిషి తను.

దిగి, తనే మెయిన్ దించింది. ఇల్లంతా చీకటి. అసిరమ్మ బుడ్డి వెలిగించి పట్టుకుంది. "దుంప పాడుసేసినావు. కూరకొచ్చును."

దుంప గుచ్చి తిప్పింది. మొదలు ఊడింది. వంటింటి బల్బు తెచ్చి బిగించి, మెయిన్ వేసింది. ముందుగది వెలిగింది. వంటిల్లు నల్లగా మూసుకుపోయింది.

దాలయ్య, నరసింగరావు లోపలికొచ్చి కూర్చున్నారు. "పాత బల్బు ఎలాగ పగిలిందమ్మా?"

"బూజు దులుపుతా సీపురు తగిలించీసింది. ఆడోళ్లకి సూపేది మేస్త్రీ?" నరసింగరావు నవ్వాడు. మేస్త్రీ నవ్వాడు. అసిరమ్మా నవ్వింది.

రేపు చీకట్లోనే వండాలి. ఎల్లుండీ అంతే. నిజం చెప్పినా బల్బు తిరిగి రాదు. గూట్లోంచి సొట్టపడిన ఇత్తడి గ్లాసు తీసి ఆమె మేస్త్రీ ముందు పెట్టింది.

"పొద్దున టీలో పంచదార తగ్గిందని దీన్ని నా మీదికి ఇసిరేడు బాబూ. నాను వొంగేను, బల్బుకి తగిలింది."

"ఎవులమ్మా?"

అసిరమ్మ నవ్వు ఆగిపోయింది. సుభద్ర మొగుడి కళ్లలోకి చూసింది.

"నరసింగరావు."