సాఫ్ట్‌బాల్ అని రాసినా

నాకు నోరెక్కువని మా స్టాఫ్‌రూంలో అందరూ అంటారు. అననీ. ధర్మవరం పక్కన పల్లె హైస్కూల్లో పద్నాలుగేండ్లు పీఈటీగా ఎండలో నిలబడి అరిస్తే ఎవరికైనా నోరు పెరుగుతాది. అట్లాంటిదాన్ని, మొన్న హిందూపురం పోయొచ్చిన పొద్దు మాట్లాడాల్సిన చోట నోరు మూసుకున్నా.

మా బడి ఆడపిల్లోల్లు బేస్‌బాల్ ఆడతారు. నవ్వొద్దండి, నిజంగానే ఆడతారు. నేను ట్రైనింగ్‌కు పోయి నేర్చుకోని వచ్చి, బడి వెనక చెనిక్కాయలు ఆరబోసే బయల్లో మొదలుపెట్టినా. గ్లవ్స్ కొనే గతి బడికి లేదు. మా ఊర్లో పరుపులు కుట్టే బుడన్‌సాబ్ ఉండాడు. ఆయప్పే పాత సీట్ల రెక్సిన్ కత్తిరించి, లోపల దూది కుక్కి, దబ్బనంతో తొమ్మిది గ్లవ్స్ కుట్టిచ్చినాడు. ఎందుకంటే మా టీంలో బంతి విసిరేది ఆయప్ప బిడ్డ షహనాజే. పదో తరగతి పిల్ల. చెయ్యి తల మీదినుంచి తిప్పి విసిరిందంటే బంతి వచ్చేది కనపడదు, పట్టుకున్నోళ్లకు అరచెయ్యి మండేది మాత్రం తెలుస్తాది.

కష్టమంతా యాడంటే, బడులకు పైవాళ్లు ఇచ్చిన ఆటల లిస్టులో బేస్‌బాల్ లేదు. సాఫ్ట్‌బాల్ ఉండాది. రెండూ చూసేదానికి అక్కచెల్లెండ్ల మాదిరి ఉంటాయి గానీ, సాఫ్ట్‌బాల్లో పెద్ద బంతిని కిందినుంచి విసరల్ల, బేస్‌బాల్లో చిన్న బంతిని పైనుంచి విసరల్ల. ఏటా పెనుకొండలో మాకు పోటీలు పెడతారు. లిస్టులో లేని ఆటకని పోతే పిల్లోల్లకు మధ్యాహ్నం అన్నం పెట్టరు, బడిలో హాజరు వేయరు. మొదటి ఏడు నేను ఫారం పట్టుకోని దిక్కులు చూస్తా నిలబడింటే, పోటీలు నడిపే వెంకటేశులు సార్ వచ్చినాడు. రెండూ ఒకటే కదమ్మా, సాఫ్ట్‌బాల్ అని రాసేయి, పాపం పిల్లోల్లు అన్నం తిననీ అన్నాడు. రాసేసినా. అసలు సాఫ్ట్‌బాల్ ఆడేవాళ్లు ఆడి పోయినంక, అదే గ్రౌండ్లో మేము బేస్‌బాల్ ఆడినాము. సర్టిఫికెట్ల మీద మాత్రం సాఫ్ట్‌బాల్ అని పడింది. పడితే ఏమి? నా పిల్లోల్లు కడుపునిండా తిన్నారు. మంచి ఉపాయం కదాని ఓబులదేవరచెరువు, నంబులపూలకుంట బడుల పీఈటీలకు కూడా నేనే చెప్పి రాయించినా. ఏటా అట్లే రాస్తా వచ్చినాము.

షహనాజ్‌కు ఇదే ఆఖరి ఏడు. వచ్చే ఏటికి వయసు దాటిపోతాది. సెలక్షన్ అయితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, ఇంటర్ చదువు. కాకపోతే ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో చీరలు మడతేసే పని. బుడన్‌సాబ్ నా దగ్గర ఏమీ దాచలేదు. హాస్టల్ సీటు వస్తే పంపిస్తా మేడం, రాకపోతే నాతో కాదు అని చెప్పేసినాడు. సరే అని సాఫ్ట్‌బాల్ సెలక్షన్‌కు తీసుకపోయి చూసినా. ముందు మాదిరి కాయితం చూసి సీటు ఇచ్చే కాలం పోయింది, ఇప్పుడు విసిరి చూపమంటారు. ఆ పెద్ద బంతిని కిందినుంచి విసరమంటే పిల్లకు చెయ్యి తిరగలేదు.

ఇంగ నేను ఊరుకోలేదు. బేస్‌బాల్‌ను లిస్టులో చేర్చండని ఆర్నెల్లు అర్జీల మీద అర్జీలు పెట్టినా. తల ప్రాణం తోకకొచ్చినంక, ఆటల కమిటీ హిందూపురానికి రమ్మని పిలిచింది. ఆట ఎట్లుంటాదో చూపించేదానికి ఒక పిల్లను తీసుకరమ్మన్నారు. పొద్దున ప్యాసింజర్ ఎక్కి నేనూ షహనాజూ పోయినాము.

కమిటీకి ఇప్పుడు పెద్ద ఆ వెంకటేశులు సారే. ఆడ ఒక బడి గ్రౌండ్లో, సాల్మన్ అని హిందూపురం పీఈటీ, బంతి పట్టేదానికి గొంతుక్కూర్చున్నాడు. షహనాజ్ ఇరవై బంతులు వేసింది. ఒక్కటి పక్కకు పోలేదు. సగానికొచ్చేసరికి సాల్మన్ గ్లవ్ ఊడబీకి చెయ్యి విదిలించుకుంటా, ఏం తినిపిస్తాండావక్కా ఈ పిల్లకు అన్నాడు. కమిటీవాళ్లు ముగ్గురూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. నాకు కడుపు నిండిపోయింది. పనైపోయిందనే అనుకున్నా.

పిల్లను వరండాలో కూర్చోబెట్టి లోపలికి పోతే, రూల్ చదివినారు. కొత్త ఆట లిస్టులోకి రావాలంటే మూడు బడులు, మూడేండ్లు ఆ ఆట ఆడినట్ల రికార్డు ఉండల్ల. నేను ధీమాగా ఫైలు తోసినా. రాయమన్న మనిషే ఎదురుగా కూర్చోనుంటే ఇంగ నాకేం భయం అనుకున్నా. వెంకటేశులు సార్ ఒక్కొక్క కాయితం తిప్పినాడు. మూడు బడులవీ, మూడేండ్లవీ, అన్నీ సాఫ్ట్‌బాలే.

"నాకు తెలుసమ్మా. నాకు తెలిస్తే చాలదు కదా," అన్నాడు. తల ఎత్తలేదు.

తర్వాత ఆయనే దారి చెప్పినాడు. మేము ఆడిందంతా బేస్‌బాలే, సాఫ్ట్‌బాల్ అని తప్పు రాసినామని నేను లెటర్ రాసి సంతకం పెడితే, ఆ పొద్దే లిస్టులో చేర్పిస్తా, ఈ ఏటి సెలక్షన్‌కే పిల్లను పంపొచ్చు అన్నాడు. తెల్లకాయితం, పెన్ను నా ముందర పెట్టినాడు. నాకు మెమో వస్తాది, రానీ. పెన్ను తీసుకున్నా. తీసుకున్నంక అడిగినా, ఇంతకుముందు ఇచ్చిన సర్టిఫికెట్ల సంగతేంటని.

"రద్దయిపోతాయి," అన్నాడు.

షహనాజ్ కంటే ముందు మా టీంలో బంతి విసిరింది గీతాంజలి. వాళ్లమ్మ మేరీ కూలికి పోతాది. ఆ సాఫ్ట్‌బాల్ సర్టిఫికెట్ పెట్టి గీత స్పోర్ట్స్ కోటాలో సీటు తెచ్చుకుంది, అనంతపురంలో డిగ్రీ రెండో ఏడు చదువుతాంది. పోయిన నెల ఫోన్ చేసి, ఫస్ట్ ఇయర్ అన్నీ పాసైనా మేడం అని చెప్పింది. ఒక పిల్ల వరండాలో కూర్చోనుండాది, ఒక పిల్ల కాలేజీలో ఉండాది. ఇద్దరికీ నేర్పింది నేనే, ఇద్దరి పేర్లూ ఆ ఫారాల్లో రాసింది నేనే.

పెన్ను కింద పెట్టినా. "రాయలేను సార్," అన్నా.

సరే అయితే ఈ ఏటినుంచి బేస్‌బాల్ అనే రాయండి, మూడేండ్లకు చూద్దామని చెప్పి పంపించినారు.

నాకు ఏడుపు వస్తాదేమో అనుకున్నా, రాలేదు. ఎవరినన్నా తిడదామన్నా కోపం కూడా రాలేదు. రైలెక్కినంక చెనిక్కాయలు కొని తింటా కూర్చున్నా, ఏం తింటాండానో తెలీలేదు. పెనుకొండ దాటినంక షహనాజ్‌కు ఉండేది ఉన్నట్ల చెప్పేసినా. సంతకం పెట్టింటే నీకు వచ్చేది, నేనే పెట్టలేదు అని కూడా చెప్పినా. ఆ పిల్ల కిటికీలోంచి చూస్తా వినింది. గీతక్కకు ఇది తెలుసా మేడం అని మాత్రం అడిగింది. తెలీదన్నా.

ధర్మవరం స్టేషన్ బయట బుడన్‌సాబ్ మోపెడ్ పెట్టుకోని నిలబడి ఉండాడు. పనిమీదినుంచి అట్లే వచ్చినట్లుంది, చొక్కాకంతా దూది అంటుకోనుండాది. ఏమైంది మేడం అన్నాడు. నేను మాటలు వెతుక్కునే లోపలే షహనాజ్ ముందుకు పోయింది.

"నేనే సరిగ్గా వేయలేదు నాయనా. బంతులు పక్కకు పోయినాయి."

ఆయప్ప ఒక్క క్షణం బిడ్డ ముఖం చూసి, పోనీలేమ్మా అన్నాడు. నా దిక్కు తిరిగి, ఇంత శ్రమ తీసుకున్నారు మేడం, మా పిల్లకు అదృష్టం లేదు అని చేతులు జోడించినాడు. ఒక్కటి కూడా పక్కకు పోలేదప్పా అని నేను చెప్పల్ల. మాట నాలుక మీదనే ఉండాది. షహనాజ్ మోపెడ్ వెనక ఎక్కి, నా దిక్కు చూసి, వద్దన్నట్ల తల ఊపింది.

నేనూ చేతులు జోడించినా.