గిరక కిర్రుమనని రోజు

మా ఇంటాయన ముత్యానికి మోటారు పిచ్చి. పెళ్లైన కొత్తలో ఎడ్లబండి తోలుతూ కూడా నోటితో బుర్రుమని గేర్లు మార్చేవాడు. లక్సెట్టిపేట అంగట్లో పిల్లలు వెంటపడి "ముత్యం బస్సొచ్చింది!" అని అరిస్తే నాకు తల కొట్టేసినట్టయ్యేది. కరీంనగర్ లారీల మీద క్లీనరుగా చేసి వచ్చాక తగ్గుతుందనుకున్నాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, మిలిటరీవాళ్లు పారేసిన జీపు చట్రం తెచ్చి ఎడ్లతో నీళ్లు తోడే మా మోటబావి పక్కన వేపచెట్టు కింద పెట్టాడు. తర్వాత గేర్ బాక్సు, చివరికి ఇంజను వచ్చాయి.

ఆ ఏడు ఆషాఢంలో వాన మొహం చాటేసింది. నారుమడి కొసలు ఎర్రబడ్డాయి. బావి మాకూ మా బావ బాలమల్లుకూ ఉమ్మడి. ఒకరోజు మా వంతు, మర్నాడు ఆయన వంతు. ఆ రోజు తడపకపోతే మళ్లీ మా వంతు వచ్చేసరికి నారుండదు. సరిగ్గా ఆ రోజే ఈయన మోట గిరకను ఇరుసుతో సహా ఊడదీసి వేపకొమ్మకు కట్టాడు, ఇంజను లేపడానికి.

"పొద్దు నెత్తిమీదికి రాకముందే గిరక బాయికి తెస్త. ఫికర్ చెయ్యకు ఐలవ్వా" అన్నాడు.

"తేకపోతే నీ ఇంజన్ను బాయిల ఏస్త" అన్నాను. ఉత్తగా అనలేదు.

గిరక పక్కకు జరిగి కట్టెను రాస్తోంది. మధ్యలో అడ్డం వేయడానికి ఆయన కొమ్మ మీది నుంచి చెయ్యి చాపి "కడెమో గిడెమో ఏదన్న అందియ్యి జల్ది" అన్నాడు. గోనెపట్టా మీదున్న ఇనుప కడియం అందించాను. చూడకుండానే ఇరుసుకు తొడిగేశాడు.

ఇంజను లేచింది గానీ గేర్ బాక్సుకు అతకలేదు. దాని ముందున్న కడ్డీ ఇంజను వెనక రంధ్రంలోకి దూరాలట. ఇంజను తాడు లాగేది మోట ఎడ్లే. వాటికి వాలు దిగితే అడుగుదాకా దిగడం, వస్తే పైదాకా రావడమే తెలుసు. వాటిని నేను ముక్కుతాడు పట్టి నడిపిస్తున్నాను.

"జర ఎనకకు... ఆగు! ఆగమంటి గద!"

"నాకు చెప్తున్నవా, ఎడ్లకా?"

పొద్దు నెత్తి దాటింది. నా కళ్లు నారుమడి మీదే ఉన్నాయి. కాళ్లు ఒకచోట నిలవలేదు. ఎప్పటికో టక్కుమని కడ్డీ దూరింది. ఆయన బోల్టులు బిగిస్తుండగానే నేను గిరక బావికి చేర్చి, బొక్కెన కట్టి, ఎడ్లను వాలులోకి తోలడానికి తాడు మీద కూర్చున్నాను.

ఎడ్లు రెండడుగులు వేసి ఆగిపోయాయి. అదిలించినా కదల్లేదు. మా ఎడ్లకు గిరక కిర్రుమంటేనే అడుగు పడేది. ఆ రోజు గిరక నోరు మూసుకుంది. పొద్దుటి నుంచి ముక్కుతాడు పట్టి నడిపించాను కాబట్టి తెలియలేదు. తలెత్తి చూస్తే, నేనిచ్చిన కడియం గిరకను కట్టెకు రాసుకోనివ్వకుండా ఇరుసు మీద మెరుస్తోంది.

అప్పుడే జీపులోంచి కేక.

"ఏమే, క్లచ్చి తొక్కుతె కాలు కిందికే పోతంది! బేరింగు ఎయ్యనే లేదు, ఇంజను మల్ల లేపాలె. గోనెపట్టా మీదుండె, జూసినవా?"

చెబితే గిరక మళ్లీ చెట్టెక్కుతుంది, నారు పోతుంది. చెప్పకపోతే పిచ్చివాడిలా మట్టంతా జల్లెడ పడతాడు. అబద్ధానికి నాలుక తిరగలేదు. వేలెత్తి చూపించాను.

పరుగున వచ్చి ఇరుసు మీద చెయ్యి వేశాడు. ఇక నారు పోయినట్టే అనుకున్నాను. కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఆయన నన్ను చూశాడు, నారుమడిని చూశాడు, బారెడు మిగిలిన పొద్దును చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు పోయి మడికి నీళ్లు మలుపు" అన్నాడు.

తాడు మీద కూర్చుని, నోటితో "కిర్ర్... కిర్ర్..." అన్నాడు. ఎడ్లు చెవులు నిక్కించాయి. అడుగు వేశాయి. బొక్కెన పైకొచ్చి భళ్లున నీళ్లు కుమ్మరించింది. నేను కాలువ గట్టున నవ్వుతూ ఏడ్చాను.

చీకటి పడేలోపు చివరి మూల తడిసింది. ఆయన గొంతు బొంగురుపోయింది. జీపు వైపు చూడకుండా కాళ్లు కడుక్కుంటున్నాడు. నేను కడియం ఊడదీయించి కొంగున ముడేసుకున్నాను.

"ఎల్లుండి మన వంతే గద" అన్నాను. "ముందుగాల ఇంజను లేపుదాం. నారు ఒక పూట ఆగుతది."