ఎల్కానా తాత ఇనుప నక్షత్రం

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనేవాళ్లు నెబ్రాస్కాలోనూ ఉన్నారు. ట్రాస్క్ వంశం అచ్చంగా అలాంటిదే. బండి కట్టుకుని వచ్చి, గడ్డిపెళ్లలు కోసి పేర్చి ఇల్లు కట్టుకుని, ఆ చుట్టుపక్కల మొదటి నాగలి దింపిన ఎల్కానా ట్రాస్క్ వాళ్ల మూలపురుషుడు. అంతకుముందు ఆయన అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యం మీద, షైలో దగ్గర, పోరాడాడని ఇంటిల్లిపాదీ చెబుతారు. సాక్ష్యం అడిగితే శ్మశానానికి తీసుకెళ్లి, ఆయన సమాధి దగ్గర నేలలో గుచ్చిన ఇనుప నక్షత్రం చూపిస్తారు. ఆ యుద్ధం చేసినవాళ్లకు తప్ప దాన్ని పెట్టరు. ఏటా మే నెలాఖరున, సైనికుల సమాధులను తలుచుకునే రోజున, దానికున్న గొట్టంలో చిన్న జెండా నిలబెడతారు.

ఆ జెండా పెట్టే హక్కు ఆర్డిస్ అత్తది. ఆమెకు తొంభై దాటాయి. ఏటా రెండు జెండాలు తెస్తుంది. ఒకటి ముత్తాత ఎల్కానాకు, రెండోది వియత్నాంలో పోయిన కొడుకు లైల్‌కు. "పిలుపొస్తే ట్రాస్క్ రక్తం యుద్ధానికి పోతుంది, వెనక్కి చూడదు" అని ఆమె అనని ఏడాది లేదు.

"నేను పోయేలోగా ఆయన ఏ పటాలంలో చేశాడో తేల్చవే. బడిలో పాఠాలు చెప్పడం మానేశాక ఊరికే కూర్చుని లావెక్కుతున్నావుగా" అని మేనకోడలు మార్లాను పురమాయించింది.

చలికాలమంతా మార్లా కంప్యూటర్‌కు అతుక్కుపోయింది. తల ప్రాణం తోకకొచ్చింది. లోకంలో ఎల్కానా ట్రాస్కులు ఇందరున్నారని ఎవరనుకున్నారు? ఒహాయోలో ఒకడు పటాలంలో డప్పు వాయించాడు, కానీ షైలోకి ముందే విరేచనాలు పట్టుకుని పోయాడు. ఇంకొకడు అవతలి పక్షంలో చేరాడు. మరొకడు చేరినట్టే చేరి పరారయ్యాడు. వయసు కుదిరితే పెళ్లాం పేరు కుదరదు, పెళ్లాం కుదిరితే ఊరు కుదరదు. తనవాడు వీళ్లలో ఎవడో, అసలు ఉన్నాడో లేడో అర్థం కాలేదు.

సమాధిరాయి మీద ఏమైనా చెక్కి ఉందేమో చూద్దామని ఒక మధ్యాహ్నం శ్మశానానికి వెళ్లింది. గడ్డి కోసే మెర్ల్ ఒంటిచక్రం బండి నిండా ఇనుప నక్షత్రాలు వేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఇవన్నీ ఎందుకు పీకావు మెర్ల్?"

"పీకకుండా కోస్తే మిషన్ బ్లేడు విరుగుద్ది. కొత్తది నువ్వు కొనిస్తావా?"

"మళ్లీ ఏది ఎక్కడిదో ఎలా తెలుస్తుంది?"

"మా నాన్న ఎక్కడ గుచ్చేవాడో నేనూ అక్కడే. ఆయన ఓ చుక్కేసుకుని కోసేవాడులే గానీ, చెయ్యి తిరిగిన మనిషి."

మార్లా సమాధుల వరస వెంబడి చూసుకుంటూ నడిచింది. ప్రతి సైనికుడి రాయి మీదా డాలు బొమ్మ, అందులో మనిషి పేరు, పటాలం పేరు. ఎల్కానా రాయి మీద ఆకాశంలోకి చూపుతున్న వేలు ఒక్కటే. పక్కన ఇంకో రాయి మెడదాకా నేలలో దిగబడి ఉంది. గోళ్లతో మట్టి తీసింది. డాలు కనబడింది. దానిలో సైలస్ ప్రూయిట్ అని ఉంది.

"ఈయనకు నక్షత్రం లేదేం?"

"ఆయనకెప్పుడూ లేదు. అడిగే దిక్కు కూడా లేదులే" అన్నాడు మెర్ల్.

కథ వల్ల నక్షత్రం వచ్చిందా, నక్షత్రం వల్ల కథ పుట్టిందా? మార్లా బండిలోంచి ఒకటి తీసి ప్రూయిట్‌కు గుచ్చింది. పీకింది. ఎల్కానాకు గుచ్చింది. అదీ పీకింది. మెర్ల్ నోరు తెరుచుకుని చూస్తుండగా మళ్లీ ప్రూయిట్‌కే గుచ్చి, వెనక్కి చూడకుండా కారెక్కింది.

జెండాలు పెట్టే రోజు రానే వచ్చింది. ఆర్డిస్ అత్త రెండు జెండాలతో, మడత కుర్చీతో, బంగాళదుంపల సలాడు గిన్నెతో దిగింది.

"ఏమే, నక్షత్రం ఏది?"

"అది పక్కాయనది అత్తా. గడ్డి కోసినప్పుడు ఎప్పుడో మారినట్టుంది."

"మరి ఎల్కానా?"

"యుద్ధానికి వెళ్లాడని ఎక్కడా దొరకలేదు. వెళ్లలేదనీ దొరకలేదు. నాకేం తెలీట్లేదత్తా."

అత్త తిడుతుందనుకుంది మార్లా. అత్త తిట్టలేదు.

"నా చిన్నప్పుడు ఇక్కడ ఏ నక్షత్రమూ లేదే" అంది మెల్లగా. "ఓ ఏడు వచ్చేసరికి ఉంది. మా నాన్న టోపీ తీసి, 'చూశావా, ముసలాయన చెప్పుకోలేదు గానీ వెళ్లాడన్నమాట' అన్నాడు. అందులోకి షైలో పేరు ఎవరు కలిపారో మరి. నేనేనేమో."

జెండాలు చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"సైన్యంలో చేరమని పిలుపు వచ్చినప్పుడు లైల్ వంటింట్లో నిలబడి అడిగాడే. 'అమ్మా, కెనడా పారిపోనా?' అని. భయపడ్డాడు. 'ఎల్కానా తాత వెళ్లలేదేంట్రా? నువ్వూ వెళ్లు' అన్నాను."

మార్లాకు ఏడుపొచ్చింది. దగ్గరికి జరిగి అత్త మోచెయ్యి పట్టుకుంది.

అత్త ఒక జెండా ప్రూయిట్ నక్షత్రంలో నిలబెట్టింది. రెండోది పట్టుకుని లైల్ సమాధి దాకా నడిచింది. అక్కడ కుర్చీ వేయించుకుని కూర్చుంది. జెండా మాత్రం ఒళ్లోనే ఉంచుకుంది.

"పెట్టవా అత్తా?"

"ఆగవే" అంది. "వాడు ఆ రోజు నన్నడిగి వెళ్లాడు. ఈసారి నేను వాణ్ణడగాలి."